వన్‌టౌన్‌లోని వందేళ్ల సత్రం: కూల్చాలా, నిలబెట్టాలా?

నమస్కారం. మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. విశాఖపట్నం వన్‌టౌన్‌లో మీ వీధి పెద్దలు సుమారు వందేళ్ల కిందట చందాలు వేసుకుని కట్టించిన సత్రం ఉంది. మిద్దె కారుతోంది, వీధి వైపు గోడ పగిలింది, వెనక గదులకు తాళం పడి చాలాకాలమైంది. కమిటీలో సగం మంది దాన్ని బిల్డరుకు అప్పగించి, కింద షాపులూ పైన ఫంక్షన్ హాలూ కట్టించుకుందామంటున్నారు. మిగతావారు ఉంచాలంటున్నారు గానీ, ఎందుకు ఉంచాలో గట్టిగా చెప్పలేకపోతున్నారు. పాత కట్టడాన్ని నిలబెడితే వీధిలో ఉండేవాళ్లకు నిజంగా ఒరిగేదేమిటి, లేక ఇది జ్ఞాపకాల కోసం పెట్టే ఖర్చేనా అని మీరు అడిగారు.

నిలబెట్టండి. అయితే మరమ్మతు మాట ఎత్తడానికి ముందే, ఆ భవనంలో రోజూ ఏ పని జరుగుతుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అనే రెండు విషయాలు తేల్చుకోండి. ఆ రెండూ తేలితే సత్రం మీ వీధికి ఉపయోగపడుతుంది, ఖర్చు కూడా అదుపులో ఉంటుంది. అవి తేలకుండా ఎన్ని లక్షలు పోసినా మళ్లీ కొన్నేళ్లకు మీరు ఇదే ప్రశ్న అడగవలసి వస్తుంది. ఉత్తరాంధ్ర తీరం పొడవునా పాత సున్నపు కట్టడాలకు మరమ్మతులు చేయించడమే నా వృత్తి. బళ్లు, ప్రార్థనా మందిరాలు, పఠన మందిరాలు, మండువా లోగిళ్లు అన్నీ చూశాను. వాటిలో నిలిచినవన్నీ మనిషి అలికిడి ఉన్నవే.

కమిటీలో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు, పర్యాటకులు వస్తారనే వాదనతో మొదలుపెట్టకండి. ఎదుటివారు దాన్ని సులువుగా కొట్టిపారేస్తారు, అందులో వారి తప్పు కూడా ఉండదు. విశాఖ వచ్చిన యాత్రికుడు రామకృష్ణా బీచ్, కైలాసగిరి, సింహాచలం చూసుకుని అరకు రైలెక్కుతాడు. కోట వీధి సందుల్లోకి సత్రం చూడటానికి రాడు. అహ్మదాబాద్‌లో నగరపాలక సంస్థ పోళ్లు అనే పాత ఇరుకు వీధుల ఇళ్ల గుంపుల గుండా వారసత్వ నడకను 1997లో మొదలుపెట్టింది. ఆ నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా 2017లో వచ్చింది. మధ్యలో గడిచిన ఇరవై ఏళ్లూ గుర్తుంచుకోవలసినవే. పర్యాటకం ఒక్క భవనాన్ని చూసి రాదు, పేట మొత్తాన్ని చూసి వస్తుంది, అదీ ఆలస్యంగా. మన వన్‌టౌన్‌కు ఆ అర్హత లేదనడం లేదు. క్వీన్ మేరీ పాఠశాల, కురుపాం మార్కెట్, పాత ఐరోపావారి సమాధుల తోట, పక్కపక్కనే మూడు కొండల మీద చర్చి, వేంకటేశ్వరస్వామి గుడి, దర్గా, ఇవన్నీ ఓపికున్నవాడు ఒక్క ఉదయంలో కాలినడకన చూడగలిగే దూరంలోనే ఉన్నాయి. అలాంటి నడక ఎప్పటికైనా స్థిరపడితే, దారిలో మంచినీళ్లూ మరుగుదొడ్డీ కూర్చోవడానికి అరుగూ ఉన్న సత్రానికి విలువ వస్తుంది. కానీ అది వచ్చినప్పటి మాట. ఇవాళ్టి లెక్కలో దాన్ని వేసుకోవద్దు.

ఇవాళ్టి లెక్క ఏమిటో చూద్దాం. మొదటిది స్థలం. పాత సత్రాలు దాదాపు స్థలమంతా ఆక్రమించి, వీధి గట్టు దాకా కట్టినవి. వాటిని కూల్చిన మరుక్షణం నేటి భవన నిర్మాణ నిబంధనలు వర్తిస్తాయి. ముందూ వెనకా పక్కలా ఖాళీ వదలాలి, రోడ్డు వెడల్పు చాలకపోతే దానికీ కొంత వదలాలి, బండ్లు నిలిపే చోటు చూపించాలి. ఇరుకు సందులో ఉన్న చిన్న స్థలంలో ఇవన్నీ పోగా మిగిలేది ఎంతో కాగితం మీద గీయించుకుని చూడండి. ఆ మిగిలినదాంట్లోనూ బిల్డరు వాటా పోవాలి. పైగా వన్‌టౌన్‌లో చాలా భాగం సముద్రానికి, హార్బరుకు దగ్గర. గరిష్ఠ పోటు రేఖ (సముద్రపు పోటు చేరే పై హద్దు) నుంచి 500 మీటర్ల లోపు ఉంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా వర్తించవచ్చు. నాకు తెలిసిన ఒక కమిటీ ఇవేవీ చూసుకోకుండా పాత భవనాన్ని ముందు కూల్చేసింది. అనుమతుల దగ్గర వ్యవహారం చిక్కుబడి, ఆ ఖాళీ స్థలం ఇప్పుడు ఆటోలు నిలుపుకునే చోటుగా మిగిలింది. అందువల్ల మీ కమిటీలో కూల్చాలనే వారిని ఒక్కటే కోరండి: కొత్త భవనం నక్షా, దానిలో సత్రానికి మిగిలే చదరపు అడుగులు, అనుమతి ఎవరెవరి దగ్గర తీసుకోవాలి అన్నవి కాగితం మీద పెట్టమనండి. చాలాచోట్ల వాదన అక్కడితోనే చల్లబడుతుంది.

రెండవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ సత్రాన్ని ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారన్నది. శిథిలంగా ఉన్నా కూడా వీధిలో ఎవరో ఒకరు దాన్ని వాడుతూనే ఉంటారు. ఇంట్లో చోటు లేనివాళ్లు అక్కడ దినకార్యాలు చేసుకుంటారు. చిన్న నిశ్చితార్థాలకు అక్కడే చాపలు పరుస్తారు. పొదుపు సంఘం ఆడవాళ్లు మధ్యాహ్నం కూర్చుని పుస్తకాలు రాసుకుంటారు. వేటకు పోని రోజున చేపల పేట ముసలివాళ్లు అరుగు మీద నడుం వాలుస్తారు. వీరిలో ఎవ్వరూ మీ కమిటీ సమావేశానికి రారు. కొత్త ఫంక్షన్ హాలు కట్టాక దాని అద్దె బజారు ధరకు చేరుతుంది, ఎందుకంటే లిఫ్టూ జనరేటరూ ఏసీ ఖర్చులు రాబట్టుకోవాలి. అప్పుడు సత్రం పేరు బోర్డు మీద ఉంటుంది గానీ, సత్రం ఎవరి కోసం కట్టారో వాళ్లు మాత్రం లోపలికి అడుగుపెట్టలేరు. ముందుగా ఒక నెలపాటు ఎవరెవరు, ఏ పనికి, ఏ వేళ వాడుతున్నారో నోటుపుస్తకంలో రాయించండి. ఇంతకు మించిన బలమైన వాదన మీకు మరొకటి దొరకదు. మరమ్మతు తరువాత ఏ గది దేనికి ఉంచాలో కూడా ఆ పుస్తకమే చెబుతుంది.

మూడవది డబ్బు ఎక్కడికి పోతుందన్నది. కొత్త కట్టడంలో ఖర్చులో పెద్ద భాగం సిమెంటు, ఇనుము, గ్రానైటు, లిఫ్టు కంపెనీలకు పోతుంది. సున్నపు పనిలో సరుకు ఖర్చు తక్కువ, చేతిపని ఎక్కువ. తాపీ మేస్త్రీకి, వడ్రంగికి, పెంకులు నేసేవాడికి, సున్నం నూరేవాళ్లకు కూలి రూపంలో చేరిన డబ్బు మళ్లీ ఈ చుట్టుపక్కల కొట్లలోనే ఖర్చవుతుంది. డంగు సున్నం (గానుగలో ఇసుకతో నూరిన సున్నం) పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు అరుదయ్యారు, ఉన్నవారు పెద్దవయసువారు. నేను పని ఒప్పుకునేటప్పుడు ప్రతి పెద్ద మేస్త్రీ పక్కన ఇద్దరు కుర్రవాళ్లను పెట్టాలని షరతు పెడతాను. అలా నేర్చుకున్నవారిలో కొందరికి నాకంటే ముందే పనులు వస్తున్నాయి, నా ఫోను ఎత్తడానికి కూడా తీరిక ఉండటం లేదు. మీ సత్రం పనిలో మీ వీధి కుర్రవాళ్లనే పెట్టుకుంటే, రేపు మిద్దె కారినప్పుడు ఎవరి కోసమో వెతుక్కోవలసిన అవసరం ఉండదు.

మరొక ప్రయోజనాన్ని చాలామంది గమనించరు. అటువంటి సత్రాల్లో గుమ్మం మీదనో గోడలోనో రాతి ఫలకం ఉంటుంది. ఎవరు, ఏ సంవత్సరంలో, ఏ ధర్మం కోసం కట్టించారో చెక్కి ఉంటుంది. ఆ ఫలకం, ఆ గోడ కలిసి, ఈ స్థలం ఒకరి సొంతం కాదని చెప్పే సాక్ష్యాలు. భవనం పోయాక ఫలకం ఏ మూలనో పడుతుంది, వారసులమంటూ ఎవరో ఒకరు వస్తారు. ఇవాళే ఆ ఫలకాన్ని వెలుతురు పక్క నుంచి పడేలా చూసి ఫొటో తీయండి, అక్షరాలు స్పష్టంగా వస్తాయి. టౌన్ సర్వే రిజిస్టరులో ఆ స్థలం ఏ పేరు మీద ఉందో నకలు తీసుకోండి.

ఇప్పుడు తాళంచెవి సంగతి. భీమిలి రోడ్డు వైపు ఒక ఊరిలో పఠన మందిరానికి మరమ్మతు చేయించాను. దాతలు ఉదారంగా ఇచ్చారు, పని బాగా వచ్చింది, ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఆ తరువాత, పాడవుతుందేమోనన్న భయంతో దానికి తాళం వేశారు. మళ్లీ చూడటానికి వెళ్లేసరికి మిద్దె మీది తూములు రెండూ వేపాకులతోనూ పావురాల రెట్టతోనూ మూసుకుపోయి ఉన్నాయి. వాన నీరు పిట్టగోడ దాకా నిలిచి, కొత్తగా వేసిన గచ్చులోంచి దిగి, టేకు దూలం కొన గోడలో కూర్చునే చోట మెత్తబడింది. వేలితో నొక్కితే గుంట పడింది. రోజూ ఒక మనిషి చీపురు పట్టుకుని మిద్దె ఎక్కి ఉంటే ఖర్చు లేకుండా తప్పిపోయే నష్టమది. ఇప్పుడు అదే భవనంలో పొద్దున పత్రికలు, సాయంత్రం పిల్లలకు ట్యూషను నడుస్తున్నాయి. ట్యూషను చెప్పే అమ్మాయి దగ్గరే తాళంచెవి ఉంటుంది, తూములు ఊడ్పించడం ఆమె బాధ్యత, అందుకు నెలకు కొంత గౌరవ వేతనం ఇస్తున్నారు. అప్పటి నుంచి ఆ మిద్దె కారలేదు.

ప్రభుత్వ రక్షణలో ఉన్న స్థలాలకు కూడా ఇదే వర్తిస్తుంది. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండను పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో తవ్వించాడు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలమది. అయినా కనుమ నాడు జనం గుంపులుగా వచ్చి అక్కడ రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. బోర్డు పెట్టినా, కంచె వేసినా అది ఆగలేదు. అది బౌద్ధ విహారమని, ఇక్కడ భిక్షువులు నివసించారని చుట్టుపక్కల ఊళ్లవారికి ఓపికగా చెప్పుకుంటూ పోవడం వల్ల చాలావరకు తగ్గింది. తొట్లకొండ సంగతీ మీకు తెలిసే ఉంటుంది. 1976లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు వెలుగులోకి వచ్చి, 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడిన ఆరామం. అక్కడ పునర్నిర్మించిన మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కొంతమేర కూలింది. ఆ సంగతి బయటికి వచ్చి గోల కావడానికి కారణం, నా ఉద్దేశంలో, పొద్దున్నే ఆ కొండ ఎక్కే అలవాటున్న నడక బృందాలూ, చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లూ ఉండటమే. చూసేవాడు లేని స్థలంలో గోడ పడితే ఎవరికీ తెలియను కూడా తెలియదు.

సమాజానికి మేలు జరిగిందని చెప్పుకోదగిన పెద్ద ఉదాహరణలు కావాలంటే రెండు చెబుతాను, ఎందుకంటే కమిటీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. హైదరాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి దశాబ్దాల చెత్తతో పూడిపోయి ఉండేది. దాన్ని తవ్వి శుభ్రం చేసి 2022 డిసెంబరులో తెరిచారు. నీళ్లు పైకొచ్చాయి, ఆ బస్తీ పిల్లలకు కూర్చోవడానికి చోటు దొరికింది. ఢిల్లీలోని నిజాముద్దీన్ బస్తీలో 2007 నుంచి ఆగాఖాన్ ట్రస్టు సమాధులకు, పాత బావికి మరమ్మతు చేస్తూనే, బడి, ఆరోగ్య కేంద్రం, మరుగుదొడ్ల మీద కూడా పనిచేసింది. అక్కడి ఆడవాళ్లు బృందంగా ఏర్పడి తమ ఇంటి వంటలనే వ్యాపారంగా నడుపుతున్నారు. కట్టడంతో పాటు చుట్టూ ఉన్న మనుషుల అవసరాలను కూడా పనిలో చేర్చుకున్నారు కాబట్టే అది నిలిచింది. మీ సత్రం ఆ స్థాయిది కాకపోవచ్చు, పద్ధతి మాత్రం పనికివస్తుంది.

ఇక భవనం ఆరోగ్యం. మీరు పెట్టిన ఫొటోల్లో వీధి గోడ కింది భాగం బూడిద రంగులో ఉంది. అది సిమెంటు పూత అనుకుంటాను. ఆ పూతే మీ గోడకు పెద్ద శత్రువు. సున్నంతో కట్టిన గోడ నేల నుంచి చెమ్మను పీలుస్తుంది, పూత గుండా మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేయడం తడి చొక్కా మీద రెయిన్‌కోటు తొడిగినట్టే. చెమ్మ బయటికి పోలేక పైకి ఎగబాకుతుంది, మన సముద్రపు గాలిలోని ఉప్పు కూడా దానితో చేరి, పూత వెనక గట్టిపడి, ఇటుకను పొడిపొడిగా రాల్చేస్తుంది. బయట నుంచి చూస్తే గోడ నున్నగానే ఉంటుంది. వేలి కణుపులతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే లోపల ఇటుక తినుకుపోయిందని అర్థం. మా పెద్ద మేస్త్రీ ఒకాయన మాటల్లో చెప్పాలంటే, "సిమెంటేస్తే గోడకి ఊపిరాడదు బాబూ." ఆ పూతను ఉలితో జాగ్రత్తగా తీయించి, గోడను కొన్ని నెలలు ఆరనిచ్చి, ఆ తరువాత సున్నమూ ఇసుకా సుర్కీ (ఇటుక పొడి) కలిపిన పూత వేయించాలి. తీరం వెంట పాతవాళ్లు గుల్ల సున్నం వాడారు, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపారు. అవి ఇప్పుడూ చేయించవచ్చు. దొరకకపోయినా దిగులు లేదు, సరిగా నానబెట్టి మగ్గనిచ్చిన సున్నం, శుభ్రమైన నది ఇసుక ఉంటే చాలు. సముద్రపు ఇసుక మాత్రం ససేమిరా వద్దు.

పగులును చూసి బెంబేలెత్తకండి, అలాగని పుట్టీ పెట్టి మూసేయనూ వద్దు. పగులు దగ్గర పూత గీకించి, అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు కొసలా గట్టిగా అతికించి, పక్కనే తేదీ రాయించండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక గాజు పగలకుండా ఉంటే, ఆ పగులు ఎప్పటిదో పాతది, ఇప్పుడు కదలడం లేదు. గాజు పగిలితే పునాది దగ్గర ఏదో జరుగుతోందని అర్థం. వన్‌టౌన్‌లో అది చాలాసార్లు గోడ పక్కన కారుతున్న కుళాయి గొట్టమో, విరిగిన కాలువో అయి ఉంటుంది. కాలువ బాగుచేస్తేనే గోడ కుదుటపడిన సందర్భాలు నేను చూశాను.

పనుల వరుస విషయంలో పట్టుదలగా ఉండండి. ముందు నీరు, తరువాత మిగతావి. తూములు, పిట్టగోడ, మిద్దె, చూరు, కాలువ అయ్యాక దూలాలు, ఆ తరువాత గోడలు, తలుపులు, చిట్టచివర వెల్ల. కమిటీలు సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తాయి. దాతలకు కనబడేది రంగే కదా! గోడలో మొలిచిన రావి మొక్కను కత్తితో కోసి వదిలేస్తే అది వేరు బలంతో మళ్లీ లేస్తుంది. చుట్టూ రెండు ఇటుకలు ఊడదీసైనా సరే వేరు మొత్తం లాగి, సందును సున్నంతో నింపించాలి. మిద్దె కింద ఇనుప కమ్మీలు ఉంటే అవి తుప్పు పట్టాయేమో చూడండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పక్కనున్న ఇటుకలను నెట్టేస్తుంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు, సెల్ టవరు, మరో అంతస్తు ఎవరెంత డబ్బిస్తామన్నా ఒప్పుకోకండి. మరుగుదొడ్లు పాత గోడలకు ఆనించకుండా పెరట్లో విడిగా కట్టించండి. కరెంటు తీగలన్నీ కొత్తవి వేయించండి, పాత కట్టడాలకు చెమ్మ తరువాత పెద్ద ప్రమాదం నిప్పే.

పనికి అనువైన కాలం తుపాన్లు తగ్గాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, దాన్ని తొందరపెట్టలేం. మండుటెండలో వేస్తే తడి గోనెలు కప్పి కాపాడుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో మిద్దె విప్పే సాహసం ఎవరు చేయమన్నా చేయకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరికి ఏం చేసిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ గాలికి ఎగిరిపోయిన పాత పెంకుటి కప్పులను తరువాత చూసినప్పుడు నేను గమనించినది, చూరు దగ్గర వాసాలు కట్టుతప్పి ఉన్నవే ఎక్కువ దెబ్బతిన్నాయి. పెంకుటి భాగం ఏదైనా మీ సత్రంలో ఉంటే చూరు వాసాలను గోడకు బిగించే పని వాయిదా వేయవద్దు.

అనుమతుల గురించి క్లుప్తంగా. సత్రం దేవాదాయ శాఖ పరిధిలో ఉంటే, 1987 నాటి చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా దాని స్థిరాస్తిని అమ్మడం, తాకట్టు పెట్టడం చెల్లదు. కాబట్టి బిల్డరుతో కమిటీ సభ్యులు సంతకం చేసినంత మాత్రాన పని జరగదు. దగ్గరలో కేంద్ర రక్షిత కట్టడం ఏదైనా ఉంటే, పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం దాని చుట్టూ 100 మీటర్లు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. వారసత్వ కట్టడాన్ని నిలబెట్టిన యజమానికి అభివృద్ధి హక్కుల బదిలీ (అక్కడ కట్టుకోకుండా వదులుకున్న నిర్మాణ హక్కును మరోచోట వాడుకోనివ్వడం) ఇచ్చే పద్ధతి ముంబైలో 1995 నుంచి ఉంది. మీ విషయంలో అటువంటిది వర్తిస్తుందా అన్నది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్ విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు కాగితం మీదే తీసుకోండి. డబ్బు విషయానికి వస్తే, 2013 కంపెనీల చట్టం ఏడవ షెడ్యూలులో చారిత్రక ప్రాధాన్యం గల భవనాల పునరుద్ధరణ కూడా కంపెనీలు పెట్టే సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చు కింద ఉంది. ఈ ఊళ్లో పెద్ద పరిశ్రమలకు కొదవ లేదు. కానీ వారు ఇవ్వాలంటే మీ కమిటీ రిజిస్టరై ఉండాలి, లెక్కలు ఆడిట్ అయి ఉండాలి. చాలా కమిటీలు ఆగిపోయేది అక్కడే.

మీకు నచ్చని మాటలు కూడా కొన్ని చెప్పాలి. భవనం నిజంగా ప్రమాదకర స్థితిలో ఉంటే మనుషుల ప్రాణాలే ముందు. అరుగు మీద పడుకునేవారిని వెంటనే పక్కకు పంపి, గోడకు సరుగుడు కర్రల దన్ను పెట్టించండి. పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా, "బలంగా ఉంది" అని గానీ "పడిపోతుంది" అని గానీ చెప్పే ఎవరి మాటా నమ్మకండి, ఫొటోలు చూసి చెబుతున్న నా మాటతో సహా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థకు విశాఖలో శాఖ ఉంది. కొలతలు తీసి నక్షా గీయడానికి విద్యార్థులను పంపమని అడగవచ్చు. రేపు భవనం దక్కకపోయినా ఆ నక్షా మిగులుతుంది.

రెండవ హెచ్చరిక, బాగుపడిన భవనం పేదవాడిని వెళ్లగొట్టే ప్రమాదం ఉంది. సత్రం తళతళలాడాక దానిలో కాఫీ హోటలు పెడతానని, పెద్ద అద్దె ఇస్తానని ఎవరో ఒకరు వస్తారు. ముందరి గది ఒకటి అలా ఇవ్వడంలో తప్పు లేదు, ఆ అద్దెతోనే నిర్వహణ సాగాలి. కానీ అరుగు, మధ్య హాలు, నుయ్యి వీధివారికే ఉండాలని, దినకార్యాలకు నామమాత్రపు రుసుమే తీసుకోవాలని మరమ్మతు మొదలుకాక ముందే తీర్మానం రాయించండి. పని పూర్తయ్యాక అటువంటి తీర్మానానికి సంతకాలు దొరకవు. ఇప్పుడు ముందరి గదుల్లో పాత అద్దెకు ఉన్న దర్జీ, ఇస్త్రీ బండి అతనూ ఎవరైనా ఉంటే, పని జరిగే నెలల్లో వాళ్లు ఎక్కడ ఉంటారో, తిరిగి ఏ అద్దెకు వస్తారో కూడా అందులోనే ఉండాలి.

ఖర్చు మొత్తం ఒకేసారి సమకూరదని ఆగిపోవద్దు. మొదటి ఏడాది తూములు, మిద్దె, కాలువ మాత్రమే చేయించి, ఒక గది తెరిచి వాడకం మొదలుపెట్టండి. గది నడుస్తుంటే రెండవ ఏడాది చందా అడగడం తేలిక, ఇచ్చేవాడికి ఎదురుగా కనబడుతుంది కాబట్టి. మూడు అంచనాలు పక్కపక్కన పెట్టి కమిటీకి చూపించండి: కూల్చి కట్టడానికి ఎంత, పూర్తి మరమ్మతుకు ఎంత, మొదటి ఏడాది పనికి మాత్రమే ఎంత. మూడవ అంకె చూశాక సభలో చాలామంది మనసు మారుతుంది.

మీరు ఇంకా సలహా కోరుకుంటే, మిద్దె అడుగు భాగం (దూలాలు గోడలో దిగే చోట), తూముల దగ్గర నీరు పోయే దారి, వీధి గోడను లోపలి నుంచి తీసిన ఫొటో, ఈ మూడూ పెట్టండి. దూలం కొనలను పెద్ద స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా గుచ్చి, ఎంత లోతు దిగిందో కూడా రాయండి. కప్పు మద్రాసు మిద్దెనా (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసినది), ఇనుప కమ్మీల మిద్దెనా అన్నది తెలిస్తే, మొదటి ఏడాది పనికి సరుకు పట్టిక నేనే తయారుచేసి ఇక్కడ రాస్తాను.